ఎయిర్‌పోర్టు అద్దాల బీరువాలోకి మన ఇంటి బిద్రీ వెళ్లాలంటే

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లొచ్చే అమ్మీ, అబ్బాలు చాలామందికి శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం తెలిసిందే. ఇంటర్నేషనల్ టెర్మినల్‌లో బ్యాగులు తోసుకుంటూ నడుస్తుంటే పక్కన పొడవాటి అద్దాల బీరువాలు కనిపిస్తాయి. డ్యూటీ ఫ్రీ షాపు అనుకుని దాటిపోయేవాళ్లు ఉంటారు. అది షాపు కాదు, మ్యూజియం. లోపలి వస్తువు మీద ధర ఉండదు. అది ఎక్కడిది, ఎప్పటిది, ఎవరు చేశారు అన్నది పక్కనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆరు నెలల వీసా గడువు అయిపోయి తిరుగు ప్రయాణానికి అదే హాలుకు వస్తే, బహుశా ఆ బీరువాలో వేరే ఏదో ఉంటుంది.

దాని పేరు ఎస్‌ఎఫ్‌ఓ మ్యూజియం. 1980లో శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్ట్ కమిషన్, ఆ నగరంలోని ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలతో కలిసి మొదలుపెట్టింది. అప్పటికి అమెరికాలో ఎయిర్‌పోర్టు లోపల మ్యూజియం నడపడం అన్నది ఎవరూ చేయని పని. 1999లో అమెరికా మ్యూజియంల సంఘం దీనికి అధికారిక గుర్తింపు ఇచ్చింది. ఆ గుర్తింపు పొందిన మొదటి ఎయిర్‌పోర్టు మ్యూజియం ఇదే. ఇప్పుడు టెర్మినళ్లన్నిటిలో కలిపి 20కి పైగా గ్యాలరీలు ఉన్నాయి. పాత టైప్‌రైటర్లు, రేడియోలు, సముద్రపు అలల మీద జారే సర్ఫ్‌బోర్డులు, ఇలా ఒక్కోసారి ఒక్కో అంశం. ఆ చుట్టుపక్కల స్కూలు పిల్లలు వేసిన బొమ్మలకూ ప్రత్యేకంగా చోటు ఉంది. కొన్ని గ్యాలరీలు సెక్యూరిటీ చెకింగ్‌కు ముందే ఉంటాయి కాబట్టి, టికెట్ లేకుండా ఊరివాళ్లు కూడా వచ్చి చూసిపోవచ్చు. (అదే ఇంటర్నేషనల్ టెర్మినల్‌లో, సెక్యూరిటీకి ఇవతలే, ఏ మతం వారైనా కూర్చోగలిగే ప్రార్థనా గది ఉంది. నమాజ్ వేళకు చోటు వెతుక్కునేవాళ్లు గుర్తుపెట్టుకోవచ్చు.)

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. ఎయిర్‌పోర్టులో కనిపించే కళ అంతా ఒకటి కాదు. గోడకు బిగించిన పెద్ద చిత్రాలు, పైకప్పుకు వేలాడే శిల్పాలు శాశ్వతమైనవి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1969 నాటి నగర చట్టం ప్రకారం, ప్రభుత్వ భవనం కడితే ఆ నిర్మాణ ఖర్చులో 2 శాతం కళకు పెట్టాలి. ఆ డబ్బుతో కొన్నవి నగరం ఆస్తి. వాటిని చూసే సంస్థ కూడా వేరు, నగర ఆర్ట్స్ కమిషన్. మ్యూజియం బీరువాల్లోవి అలా కాదు. చాలావరకు అప్పు తెచ్చినవి. ఎవరో సేకరించుకున్నవాళ్ల ఇంటి నుంచో, ఇంకో మ్యూజియం నుంచో కొన్ని నెలలకు తెచ్చి, చూపించి, తిరిగి ఇచ్చేస్తారు. మన దేశంలో ముంబయి విమానాశ్రయం రెండో టెర్మినల్‌లో 2014 నుంచి ఉన్న ‘జయ హే’ పెద్ద కళాగోడ మొదటి రకం. కిలోమీటర్ల పొడవున వేల వస్తువులు ఉన్నాయి, చూడటానికి అద్భుతంగా ఉంటుంది. కానీ అది కట్టిన రోజున ఎంపికైనవాళ్లకే అందులో చోటు. ఆ తర్వాత వచ్చే పనివాడికి ఖాళీ ఏది? మారుతూ ఉండే ప్రదర్శన అయితే ప్రతి ఆరు నెలలకోసారి ఒక తలుపు తెరుచుకున్నట్టే.

డబ్బు సంగతి

మ్యూజియానికి టికెట్ లేదు, అమ్మకం లేదు. మరి ఖర్చు ఎవరిది? శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టు నగర ప్రభుత్వానిదే అయినా తన కాళ్ల మీద తాను నిలబడే శాఖ. విమానాలు దిగినందుకు వచ్చే రుసుము, షాపుల అద్దె, పార్కింగ్, ఇలాంటి సొంత రాబడితో నడుస్తుంది. మ్యూజియం ఆ ఎయిర్‌పోర్టులో ఒక విభాగం. అంటే కొంత మనం పార్కింగ్‌కు కట్టిన డాలర్లతోనే.

ఎయిర్‌పోర్టుకు దీనివల్ల లాభం ఏమిటన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ఈ వ్యాపారంలో రాబడి రెండు రకాలు. ఒకటి విమానాల నుంచి వచ్చేది, రెండోది ప్రయాణికుడు అక్కడ గడిపే సమయం నుంచి వచ్చేది. సెక్యూరిటీ దాటాక గంటన్నర ఖాళీగా, చిరాకుగా కూర్చున్న మనిషి ఏమీ కొనడు. మనసు కుదుటపడి అటూ ఇటూ తిరిగే మనిషి చాయ్ తాగుతాడు, పిల్లలకు ఏదో ఒకటి కొంటాడు. కనెక్టింగ్ ఫ్లయిట్‌కు ఏ ఊరి మీదుగా వెళ్లాలో ఎంచుకునేటప్పుడు కూడా ‘అక్కడ బాగుంటుంది’ అన్న మాట పనిచేస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయంలో 2002లో ప్రఖ్యాత రైక్స్ మ్యూజియం తన చిన్న శాఖ తెరిచి అసలు చిత్రాలే ఉచితంగా పెట్టిందంటే, అది ఒట్టి దానధర్మం అనుకోనక్కర్లేదు. అందులో తప్పేమీ లేదు. లెక్క కుదిరితేనే ఏ ప్రదర్శన అయినా ఏళ్ల తరబడి నడుస్తుంది.

వస్తువు లోపలికి వెళ్లే దారి

అసలు కథ బీరువా వెనుక జరుగుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. పాతబస్తీ నుంచి వెళ్లి బే ఏరియాలో స్థిరపడ్డ ఒక కుటుంబం దగ్గర దాదీ ఇచ్చిన బిద్రీ పాన్‌దాన్, పెళ్లినాటి ఖడా దుపట్టా, తాత చేత్తో రాసిన ఉర్దూ ఖత్తాతీ కాగితం ఉన్నాయనుకోండి. హైదరాబాదీ ఇంటి జీవితం మీద ఏదో ఎయిర్‌పోర్టులో ప్రదర్శన పెడతామంటే ఈ మూడింటికీ మూడు రకాల లెక్కలు ఉంటాయి.

ముందు ఒప్పందం. వస్తువు ఎవరిదో వాళ్లదే, ఎయిర్‌పోర్టుకు అప్పుగా మాత్రమే ఇస్తున్నారని కాగితం మీద ఉండాలి. ఎన్ని నెలలు, ఫొటోలు తీసి వాడుకోవచ్చా, లేబుల్ మీద కుటుంబం పేరు వేయాలా వద్దా అన్నవి అందులోనే తేలాలి. తర్వాత వస్తువు స్థితి రాసుకుంటారు. పాన్‌దాన్ మూత మీద గీత ఉంటే ‘ఫలానా చోట ఇంత పొడవు గీత’ అని ఫొటోతో సహా నమోదు చేస్తారు. రేపు తిరిగి ఇచ్చేటప్పుడు మాట రాకుండా. ఆ తర్వాత బీమా. మంచి సంస్థలు ఇంటి గోడ మీద నుంచి తీసిన క్షణం నుంచి తిరిగి అదే గోడకు చేరేదాకా బీమా చేయిస్తాయి. బీరువాలో ఉన్నప్పుడు మాత్రమే బీమా అంటే ఒప్పుకోకూడదు. వస్తువులు ఎక్కువగా పగిలేది దారిలోనే.

ఇక వెలుతురు. ఎయిర్‌పోర్టు అంటేనే అద్దాల గోడలు, పగలంతా ఎండ. బట్టకు, కాగితానికి వెలుతురు నిదానంగా పనిచేసే విషం లాంటిది. రంగు పోతే తిరిగి రాదు. అందుకే మ్యూజియంలు వాటికి సాధారణంగా 50 లక్స్ మించని వెలుతురే ఇస్తాయి. మన ఇంట్లో సాయంత్రం పెట్టుకునే లైటు కన్నా మసక అన్నమాట. కొన్ని నెలలు చూపించి తీసేస్తారు. ఖడా దుపట్టా మీది జర్దోజీ బాగా మెరవాలని ఫోకస్ లైట్ వేయమంటే క్యూరేటర్ ఒప్పుకోరు. ప్రదర్శనలు మారుతూ ఉండటానికి కొత్తదనం ఒక్కటే కారణం కాదు, ఈ బట్టా కాగితం బతకడం కూడా ఒక కారణం.

బిద్రీకి ఆ భయం తక్కువ. జింకులో కొంచెం రాగి కలిపి పోత పోసి, చెక్కిన గీతల్లో వెండి కొట్టి, చివర బీదర్ కోట మట్టిని నవాసాగరంతో కలిపి రుద్దుతారు. ఉర్దూలో నౌషాదర్ అంటామే, అదే. ఆ మట్టి లోహాన్ని నల్లబరుస్తుంది, వెండిని మాత్రం ముట్టదు. కాబట్టి వెలుతురు దీన్నేమీ చేయదు. గాలిలోని గంధకం వల్ల వెండి మసకబారకుండా, తేమ తగలకుండా బీరువా గట్టిగా మూసి ఉంటే చాలు. బిద్రీకి 2006లో జీఐ గుర్తింపు వచ్చింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక్కసారైనా ఆ హుక్కా కుండలు, పాన్‌దాన్లు చూసినవాళ్లకు దాని విలువ చెప్పక్కర్లేదు.

లేబుల్ ఎవరు రాయాలి?

చివరికి మిగిలేది ఆ చిన్న లేబులే. ప్రయాణికుడు బీరువా ముందు నిలబడేది కొద్ది సెకన్లు. ఆ కాస్త సమయంలో ‘భారతదేశపు లోహపు డబ్బా’ అని చదివితే ఒక అర్థం. ‘బీదర్, పాత హైదరాబాద్ రాజ్యంలో తయారైన తమలపాకుల పెట్టె, పెళ్లిలో కూతురికి ఇచ్చేది’ అని చదివితే ఇంకో అర్థం. వస్తువు ఇచ్చేవాళ్లు లేబుల్ ముసాయిదా తమకు చూపించాలని ముందే అడగాలి. మొహమాటం పడే విషయం కాదు ఇది. చేసిన పనివాడి పేరు తెలిస్తే అదీ వేయించాలి. బిద్రీ, జర్దోజీ చేసేవాళ్ల పేర్లు ఎక్కడా రాయకపోవడం మన దగ్గర పాత అలవాటే. కొన్నవాళ్ల పేరు ఉంటుంది, చేసినవాడి పేరు ఉండదు.

ఖురాన్ ఆయతులు ఉన్న ఖత్తాతీ అయితే ఇంకో జాగ్రత్త. ఎంత ఎత్తులో పెడతారు, కింద వరసలో చెప్పులో సూట్‌కేసులో వస్తాయా, తాకేవాళ్లు ఎవరు అన్నది కుటుంబం అడగొచ్చు, అడగాలి కూడా. చాలా మ్యూజియంలకు పవిత్ర వస్తువుల విషయంలో ఇచ్చేవాళ్ల మాట వినడం కొత్త కాదు.

ఎయిర్‌పోర్టు, దీనీ వస్తువులు కలిసి ఎలా ఉంటాయో అని సందేహించేవాళ్లు జిద్దా వైపు చూడొచ్చు. కింగ్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయంలోని హజ్ టెర్మినల్ 1981లో మొదలైంది. ఎడారి గుడారాల్లా కనిపించే 210 పైకప్పుల కింద ఎండ తగ్గి గాలి ఆడేలా కట్టారు. దాని వెనుక ఉన్న ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ ఢాకాలో పుట్టినవాడు, చికాగో సియర్స్ టవర్ కూడా ఆయన పనే. 1982లో జిద్దాలోనే కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆ టెర్మినల్‌కు ఆగాఖాన్ వాస్తు అవార్డు వచ్చింది. ఆ హజ్ టెర్మినల్‌లోని పశ్చిమ భాగంలోనే 2023లో మొదటి ఇస్లామిక్ ఆర్ట్స్ బినాలే, 2025లో రెండోది జరిగాయి. రెండోసారి కాబా మీది పూర్తి కిస్వాను మక్కా బయట మొదటిసారి ప్రదర్శించారు. దేశదేశాల హాజీలు దిగే చోటే అది జరిగింది. ఇది ఊరివాళ్లు కలిసి పెట్టుకునే చిన్న ప్రదర్శన కాదు, ప్రభుత్వం స్థాయి పని. అయినా అదబ్ తగ్గకుండా ఎయిర్‌పోర్టులో పెట్టొచ్చని చూపింది.

సూట్‌కేసులో వేసుకుని వెళ్లొచ్చా?

ఇది చాలామంది చేసే పని, జాగ్రత్తగా చదవాలి. ‘ఇంట్లో పడి ఉండేకన్నా అమెరికాలో పిల్లల దగ్గర ఉంటే ఎప్పుడైనా ప్రదర్శనకు పనికొస్తుంది’ అని పాత వస్తువులు సర్దేస్తుంటారు. భారత పురావస్తువుల చట్టం, 1972 ప్రకారం కళకు, చరిత్రకు సంబంధించి 100 ఏళ్లు దాటిన వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. చరిత్ర, సాహిత్యం లేదా కళ విలువ ఉన్న రాతప్రతి అయితే 75 ఏళ్లు చాలు. వీటిని దేశం బయటకు కేంద్ర ప్రభుత్వం లేదా అది అనుమతించిన సంస్థ మాత్రమే పంపగలదు. మన సొంత నానీది అయినా సరే. చట్టాన్ని ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు ఉంది. వయసు తక్కువే అనిపించినా పాతగా కనిపించే వస్తువు తీసుకెళ్లాలంటే, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ దగ్గర ధ్రువపత్రం తీసుకోవడం మంచిది. కస్టమ్స్ కౌంటర్ దగ్గర ‘ఇది మా ఇంటిది సాబ్’ అన్న మాట చెల్లదు. కొత్త బిద్రీకి, కొత్త జర్దోజీకి ఈ గొడవ లేదు, బిల్లు దగ్గర ఉంచుకుంటే చాలు. నిజానికి అమెరికా ఎయిర్‌పోర్టులో చూపించాల్సింది ఈరోజు చేతిపని చేస్తున్నవాళ్ల కొత్త సరుకే. వాళ్లకు ఆర్డర్లు వచ్చేది దానితోనే కదా.

మరి శంషాబాద్ మాట? 2008లో మొదలైన ఆ విమానాశ్రయాన్ని జీఎంఆర్ నడుపుతున్నా అది పూర్తిగా ప్రైవేటుది కాదు. రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం వాటా ఉంది. అంటే బోర్డులో ప్రజల తరఫున మాట్లాడగలిగినవాళ్లు ఉన్నారు. ఏ సొసైటీ అయినా, పనివాళ్ల సంఘం అయినా అడగదలుచుకుంటే ‘మా కళకు చోటివ్వండి’ అన్న వినతిపత్రం ఒక్కటే సరిపోదు. ఎన్ని బీరువాలు, ఎన్ని నెలలు, బీమా ఎవరిది, లేబుల్ తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడింటిలో ఎవరు రాస్తారు, మొదటి ఏడాది ఖర్చు ఎంత అన్నది ఒక పేజీలో లెక్కగా పెట్టాలి. దాన్ని కంపెనీకి ఒకటి, రాష్ట్ర పర్యాటక, చేనేత జౌళి శాఖలకు చెరొకటి ఇవ్వాలి. అద్దాల బీరువా ఒకటి సెక్యూరిటీకి ఇవతల, హాజీలను సాగనంపడానికి ఊళ్ల నుంచి బంధువులు వచ్చి గంటల తరబడి నిలబడే చోట ఉండాలని కూడా అందులో రాయాలి.