సిగ్నల్‌ తగ్గితే... ఛార్జింగ్‌ హుళక్కే!

కొత్త స్మార్ట్‌ఫోను. ఊళ్లో ఉన్నరోజు ఛార్జింగ్‌ రాత్రిదాకా వస్తుంది. పామాయిల్‌ తోటకో, అడవి అంచు పల్లెకో వెళ్లినరోజు మధ్యాహ్నానికే అయిపోతుంది. దమ్మపేట లాంటి చోట ఈ తేడా కనిపిస్తే వెంటనే బ్యాటరీని అనుమానించకండి. సంగతి సిగ్నల్‌ది కావచ్చు!

ఎందుకలా?

టవరు దగ్గరుంటే ఫోనుకి గుసగుస చాలు. దూరమైనా, చెట్లు అడ్డొచ్చినా అరవాల్సిందే. సాధారణ 4జీ ఫోను అరుపు గరిష్ఠంగా 0.2 వాట్లు. టవరు పక్కనే ఉంటే అందులో వెయ్యో వంతూ అక్కర్లేదు. సిగ్నల్‌ పూర్తిగా పోతే టవరు కోసం పదేపదే వెతుకుతుంది. ఆ ఖర్చంతా బ్యాటరీదే.

ఇలా చేయండి

* కొత్తలో రెండుమూడు రోజులు అప్‌డేట్లు, ఫొటోల బదిలీతో ఛార్జింగ్‌ త్వరగా తగ్గడం మామూలే. కంగారు పడొద్దు.

* సెట్టింగ్స్‌లో ‘బ్యాటరీ’ తెరవండి. ఏ ఆప్‌ ఎక్కువ వాడుతోందో తెలుస్తుంది. అవసరం లేనిదైతే తీసేయండి.

* 5జీ వచ్చీపోయే చోట నెట్‌వర్క్‌ని 4జీకి మార్చండి.

* సిగ్నల్‌ అసలే లేనిచోట ఏరోప్లేన్‌ మోడ్‌లో పెట్టండి. కెమెరా, టార్చి పనిచేస్తాయి. కాల్స్‌ మాత్రం రావు కాబట్టి ఇంట్లో ముందే చెప్పండి.

* సిగ్నల్‌ బాగున్నచోటా ఛార్జింగ్‌ నిలవకపోతే, వాడకపోయినా ఫోను వేడెక్కుతుంటే... వారంటీ ఉండగానే సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్లండి.

అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులొస్తే 108కి కాల్‌ చేయాల్సింది ఆ ఫోనుతోనే. పగలు పొదుపు చేసిన పది శాతం అప్పుడు అక్కరకొస్తుంది!