క్రిమి పైపొర, మన మందుల బిల్లు

వైద్య సహాయం ఖాతా చూసిన దాతలు కొందరు మమ్మల్ని ఏటా ఒకే ప్రశ్న అడుగుతారు: మూత్రంలో ఇన్ఫెక్షన్ అంటే నాలుగు మాత్రలతో పోయేదే కదా, ఒక్కో రోగి ఇంజెక్షన్లకు ఇంతింత బిల్లు ఎందుకు? జకాత్, సదఖా సొమ్ము మా చేతుల్లో అమానత్. అడిగే హక్కు మీకుంది. జవాబులో కొంత భాగం ఆ క్రిమి ఒంటి పైపొరలో ఉంది కాబట్టి ఈసారి దాని గురించే రాస్తున్నాం.

ఇలాంటి రోగుల రిపోర్టుల్లో తరచూ కనిపించే పేరు ఈ.కోలై. మన పేగుల్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియానే. మూత్రనాళంలోకో రక్తంలోకో చేరితే జబ్బు చేస్తుంది. పొడవు మిల్లీమీటరులో ఐదు వందల వంతు. మన ఖిలా వరంగల్‌కు మట్టికోట, రాతికోట ఉన్నట్టే దీనికీ ఒకదాని లోపల ఒకటిగా రక్షణలున్నాయి. బయట ఒక కొవ్వు పొర, లోపల మరో కొవ్వు పొర, రెండింటి మధ్య వలలా అల్లిన పలుచని గోడ.

కొవ్వు పొర దానంతటది సక్రమంగా నిలబడదు. అందులో పాతుకుపోయిన ప్రోటీన్లే దాన్ని కాపాడతాయి. వాటిలో ఒకటి 1969లో గుర్తించిన బ్రౌన్ లైపోప్రోటీన్. దీని ఒక కొస బయటి పొరలో దిగి ఉంటుంది, రెండో కొస వల గోడకు ముడిపడుతుంది. షామియానాను గుంజలకు కట్టే తాళ్లనుకోండి. ఒక్కో క్రిమిలో ఇవి లక్షల్లో ఉంటాయి. అవి లేకపోతే బయటి పొర బుడగలుగా ఉబ్బి, కారుతుంది.

ఇంకో చిక్కుంది. బయటి పొరలో పైవరస కొవ్వు వేరు, లోవరస కొవ్వు వేరు. లోవరసది పైకి జారితే అక్కడ సందు పడుతుంది. అలా జారినదాన్ని ఏరి లోపలి పొరకు చేరవేసే ప్రోటీన్ల బృందాన్ని 2009లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్తలు వివరించారు. దాని పేరు ఎం.ఎల్.ఎ. ఇల్లు కురవకముందే పెంకులు సర్దే మేస్త్రీ లాంటిదన్నమాట.

అన్నిటికన్నా ఆశ్చర్యం మన హైదరాబాద్ నుంచే వచ్చింది. ఈ.కోలై అనుకూల పరిస్థితుల్లో ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. అంటే లోపల కాపురం సాగుతుండగానే గోడ పెరగాలి. కొత్త పోగులు చేర్చాలంటే పాత వలను ఎక్కడో తెంపాలి. ఎక్కువ తెంపితే క్రిమి పగిలిపోతుంది. ఆ తెంపే పని చేసే మూడు ఎంజైములను సీసీఎంబీలో డాక్టర్ మంజులా రెడ్డి బృందం 2012లో గుర్తించింది. మూడూ లేకపోతే క్రిమి బతకదు. వాటిలో ఒకటైన మెప్‌ఎస్ బయటి పొరకు అతుక్కుని ఉండే ప్రోటీన్. అది మోతాదు మించకుండా చూసేది ఆ పొరలోనే ఉండే ఎన్‌ఎల్‌పీఐ; మరో ఎంజైమును తోడు తెచ్చి మెప్‌ఎస్‌ను కరిగించేస్తుందని 2015లో అదే బృందం చూపింది. పైన చెప్పిన షామియానా తాళ్లను గోడ నుంచి విప్పే ఎంజైమునూ 2021లో వారే వెల్లడించారు. ఈ కృషికి మంజులా రెడ్డికి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి లభించింది. హబ్సిగూడలో జరిగిన పని ఇది. మన పిల్లలకు చెప్పండి.

ఇక బిల్లు సంగతి. పెన్సిలిన్ జాతి మందులు వల గోడ అల్లికను ఆపుతాయి. కానీ ముందు బయటి పొర దాటాలి. పోరిన్లనే ద్వార ప్రోటీన్ల గుండా అవి లోపలికి పోతాయి. కొన్ని క్రిములు ఆ ద్వారాలను తగ్గించుకుంటాయి, లోపలికొచ్చిన మందును బయటకు తోసే పంపులు పెంచుకుంటాయి, మందునే విరగ్గొట్టే ఎంజైములు తయారు చేసుకుంటాయి. వాంకోమైసిన్ వంటి పెద్ద అణువులైతే ఆ ద్వారాల్లో పట్టనే పట్టవు. చివరికి వైద్యులు కొలిస్టిన్ రాయాల్సి వస్తుంది. అది బయటి పొర కొవ్వునే పట్టి చీలుస్తుంది. మూత్రపిండాలకు ముప్పు కాబట్టి రోజూ రక్తపరీక్షలు, ఐసీయూ కనిపెట్టుకుని ఉండటం తప్పవు. ఖర్చంతా అక్కడ. కోళ్లకు, చేపలకు కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019 జులైలో నిషేధించింది కూడా ఈ మందు చేజారిపోకూడదనే.

మందుల షాపులో అడిగి రెండు రోజులు మింగి మానేసిన మాత్రలు చేసేది కూడా ఇదే: బలహీనమైనవి చస్తాయి, ద్వారాలు మూసుకోగలిగినవి మిగిలి పెరుగుతాయి. అందుకే వైద్య సహాయం కోరి వచ్చేవారికి డాక్టరు రాస్తే కల్చర్ పరీక్ష ఖర్చు మేమే భరిస్తున్నాం. ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో అందులో తెలుస్తుంది. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా డాక్టరు మొదలుపెట్టిన మందు ఆపం, రిపోర్టు వచ్చాక మార్చమంటే మారుస్తాం. వచ్చే ఏడాది ఖాతాలో ‘పరీక్షలు’ పద్దు పెరిగి కనిపిస్తే కారణం ఇదీ.