ఇందూరు వంటింట్లో తినే సోడా

తెలంగాణ ఇళ్లలో తినే సోడా అని వ్యవహరించే సోడియం బైకార్బోనేట్ స్వల్ప క్షారగుణం గల లవణం. అంటే, అది ఆమ్లాన్ని విరుస్తుంది గాని చేతిని కాల్చేంత తీవ్రమైనది కాదు. ఇందూరు అని కూడా పిలిచే నిజామాబాద్ జిల్లాలోని బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొని 2015 డిసెంబరులో మూతపడిన నిజాం షుగర్స్ వల్ల ఆ ప్రాంతానికి చిరపరిచితమైన చక్కెర పరిశ్రమలో, రసాన్ని చిక్కబరిచే గొట్టాల లోపలి పెచ్చును వదిలించడానికి వాడే కాస్టిక్ సోడా ఇదే వర్గానికి చెందినదైనా ఎన్నో రెట్లు ఘాటైనది. బట్టల సోడా ఈ రెండింటికీ నడుమది. తినే సోడాను పొడిగా బాగా వేడిచేస్తే బొగ్గుపులుసు వాయువూ నీటి ఆవిరీ పోగా మిగిలేది అదే.

పొయ్యిగట్టు మీది నూనె జిడ్డును, స్టీలు గిన్నెలో అడుగంటిన పాలను తినే సోడా సులువుగా వదులు చేస్తుంది, కాని అల్యూమినియం పాత్రలను నల్లబరుస్తుంది. బోరునీటి వల్ల గిన్నెలకు పట్టే తెల్లటి పెచ్చు తానే క్షారస్వభావం గలది కాబట్టి దానికి సోడా పనికిరాదు, చింతపండో నిమ్మరసమో కావాలి. సోడాలో వెనిగర్ కలిపితే నురగ చూడముచ్చటగానే ఉంటుంది గాని రెండూ ఒకదాన్నొకటి విరుచుకొని శుభ్రపరిచే గుణాన్ని చాలావరకు కోల్పోతాయి. నల్లబడిన వెండి పట్టీలను అల్యూమినియం రేకు మీద పెట్టి సోడా కలిపిన వేడినీళ్లు పోస్తే, గంధకంతో కలిసి నలుపుగా మారిన పొర తిరిగి వెండి అవుతుంది. రాళ్లు పొదిగిన నగలకు మాత్రం ఈ పద్ధతి తగదు.

పసుపు వ్యాపారానికి పేరొందిన నిజామాబాద్‌లో మరో సంగతి గమనించదగినది. పసుపులోని రంగుపదార్థమైన కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబారుతుంది. పసుపు, సున్నం కలిస్తే పారాణి ఎర్రబడేది ఇందుకే. కాబట్టి పసుపు మరకపై సోడా చల్లడం కంటే, సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయడం మేలు. కర్క్యుమిన్‌ను వెలుగే విరగ్గొడుతుంది.

ఒంటి సంరక్షణలో సోడాకు చోటు పరిమితం. గోరువెచ్చని నీటిలో చిటికెడు కలిపి పుక్కిలిస్తే నోటిలోని ఆమ్లత్వం తగ్గుతుంది. చర్మం సహజంగా కొంత ఆమ్లస్వభావం గలది కనుక చంకల్లో తరచూ రాస్తే మంట, దద్దుర్లు రావచ్చు. కడుపుబ్బరానికి తాగే ఒక చెంచా సోడాలో సుమారు 1,200 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది; పెద్దలకు రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 2,000 మిల్లీగ్రాములే కాబట్టి రక్తపోటు ఉన్నవారికి ఈ చిట్కా అపాయకరం. ఇక తలంటు విషయంలో, క్షారం వెంట్రుకల పైపొరను లేపి గరుకుగా చేస్తుంది కనుక, కుంకుడుకాయకు సోడా సాటిరాదు.