ఎన్నికల యుపన్యాసము – ప్రభావ పరీక్ష

ఎన్నికలలో నిలిచిన యభ్యర్థి చేసిన యుపన్యాసము ఫలించినదా లేదా యని యడిగినచో సాధారణముగా రెండుత్తరములు వినబడును. సభలో చప్పట్లు మిన్నుముట్టినవి గావున ఫలించినదని కొందఱందురు. అభ్యర్థి గెలిచెను గావున ఫలించినదని మఱికొందఱందురు. ఈ రెండును ఉపన్యాసమును విడిచి దాని చుట్టునున్నవానిని కొలుచు తీర్పులు. చప్పట్లు కొట్టిన చేయి వేఱొక గుర్తునకు ఓటు వేయవచ్చును. గెలుపునకు కులము, కూటమి, ధనము, కఱవు, ఆనాటి గాలి మొదలైన హేతువులు పెక్కులుండును. వానినుండి మాటకు మాత్రమే చెందిన ఫలమును వేఱుచేసి చూపుట పరీక్షకుని పని. అందులకు నెల్లూరు సీమ చరిత్రమే చాలినంత సామగ్రి నిచ్చుచున్నది.

ఈ సీమలో వాగ్బలమును గూర్చిన విచారము క్రొత్తది కాదు. 13వ శతాబ్దమున విక్రమసింహపురము నేలిన మనుమసిద్ధి రాజ్యభ్రష్టుడు కాగా, తిక్కన యోరుగల్లునకు బోయి గణపతిదేవుని మెప్పించి సైన్యసహాయము సంపాదించెనని సిద్ధేశ్వరచరిత్రము చెప్పుచున్నది. ఆ తిక్కనయే యుద్యోగపర్వమున రాయబారములను తెనిగించెను. శ్రీకృష్ణుడు కౌరవసభలో పలికిన పలుకులు దుర్యోధనుని మనస్సును మార్చలేదు. అంతమాత్రమున నా రాయబారము విఫలమనుట చెల్లునా? సంధికి పాండవులు సమ్మతించిరనియు, కాదన్నవాడు సుయోధనుడే యనియు సభ్యులెల్లరకు తేటపడెను. ఎదుటివానియొద్ద ఓడి, వినుచున్నవారియొద్ద గెలిచిన ప్రసంగమది. కావున మొట్టమొదట తేల్చుకొనవలసినది శ్రోత యెవడను విషయము. ఎన్నికల సభలో నభ్యర్థి ప్రత్యర్థిని పేరెత్తి పిలిచినను, అతని మాట ప్రత్యర్థికొఱకు కాదు. వేదిక ముందు నేలపై గూర్చున్నవారి కొఱకు. వారిలోను తనవారు వేఱు, పరపక్షమువారు వేఱు, ఎటును తేలనివారు వేఱు.

ఫలితమును బట్టి తీర్పు చెప్పుట యెంత చిక్కో 1955 నాటి ఆంధ్రరాష్ట్ర శాసనసభ యెన్నికలు తెలుపును. కాంగ్రెసు కూటమి నాయకులలో నొకరు బుచ్చిరెడ్డిపాళెమున జన్మించిన బెజవాడ గోపాలరెడ్డి. కమ్యూనిస్టుల యగ్రనాయకుడు అలగానిపాడున జన్మించిన పుచ్చలపల్లి సుందరయ్య. ఈ రెండూళ్లును పెన్నకు ఉత్తరమున, నెల్లూరు మండలమునందే యున్నవి. ఒకరు శాంతినికేతనమున చదివి రవీంద్రుని కృతులను తెనుగు చేసినవారు. వేఱొకరు తన యూరి వ్యవసాయకూలీలను సంఘముగా గూర్చి రాజకీయములలో నడుగిడినవారు. 196 స్థానములలో కాంగ్రెసు కూటమికి 146 దక్కెను, కమ్యూనిస్టులకు 15 మిగిలెను. సుందరయ్య గన్నవరమున గెలిచెను, పక్షమోడెను. గోపాలరెడ్డి ముఖ్యమంత్రి యయ్యెను.

స్థానములు మాత్రమే చూచువాడు కమ్యూనిస్టు వక్తల ప్రసంగములు నిష్ఫలములనును. ఓట్లు లెక్కించువాడు వేఱుగా చెప్పును. 1952లో ఆంధ్రప్రాంతమున నా పక్షమునకు వచ్చిన యోట్లు నూటికి సుమారు 22. 1955లో సుమారు 31. ఓట్లు పెరిగెను, స్థానములు తఱిగెను. అయినను ఈ పెరుగుదలను సైతము ఉపన్యాసముల ఖాతాలో వేయరాదు. 1952లో నా పక్షము కొన్నిచోట్లనే యభ్యర్థులను నిలిపినది, 1955లో నత్యధిక స్థానములలో నిలిపినది. నిలిచినచోట్లు పెరిగిన యోట్లును పెరుగును. 1952లో చీలిన ప్రతిపక్షులు 1955లో నొక్కటి యగుటచే స్థానములు తఱిగెను. ఒకే యెన్నికనుండి జయము, అపజయము, రెండును కాకపోవుట యను మూడు తీర్పులు పుట్టుచున్నవి. ఇందు నేదియు వక్త నోటినుండి వెడలిన వాక్యమును తాకుట లేదు.

ఇంకొక యుదాహరణము. చవటపాళెమున జన్మించిన ముప్పవరపు వెంకయ్యనాయుడు అంత్యప్రాసలతో గూడిన ప్రసంగములకు పేరొందినవాడు. మెట్టసీమలోని యుదయగిరినుండి 1978లో జనతా పక్షమున, 1983లో భారతీయ జనతా పక్షమున నతడు శాసనసభకు ఎన్నికయ్యెను. 1983 సామాన్యమైన సంవత్సరము కాదు. అంతకు ముందేడు స్థాపితమైన తెలుగుదేశము, నందమూరి తారకరామారావు ప్రచారముతో 294 స్థానములలో 200కు పైగా గెలిచినది. అంత వెల్లువలో నొక చిన్నపక్షమువాడు నిలిచెననిన, ఆ ఘనత వాగ్ధాటిదే యనబుద్ధి పుట్టును. కాని 1985లో నాతడే యాత్మకూరునుండి పోటీచేసి యోడెను. నాలుక మాఱలేదు, నియోజకవర్గము మాఱెను. ప్రాసకు గల గుణము జ్ఞాపకమునకు తోడ్పడుట. ఇది పద్యము వల్లెవేయించు పండితులకు చెప్పవలసిన పని లేదు. జ్ఞాపకమున్న మాటకు సమ్మతియు గలుగునని మాత్రము ఎవ్వరును చెప్పజాలరు.

పాశ్చాత్యులలో నీ విషయమును ప్రత్యక్షముగా పరీక్షించినవారు లాజర్స్‌ఫెల్డు మొదలగువారు. 1940లో అమెరికా యధ్యక్ష ఎన్నికల కాలమున, ఒహాయో రాష్ట్రమందలి యీరీ కౌంటీలో 600 మందిని మే మొదలు నవంబరు వఱకు మరల మరల ప్రశ్నించి, ఆ ఫలితములను 1944లో ప్రకటించిరి. ప్రచారముచే నొక పక్షమునుండి వేఱొక పక్షమునకు మాఱినవారు నూటికి 8 మంది మాత్రమే. ప్రచారము ముఖ్యముగా చేసినది ముందే యున్న మొగ్గును గట్టిపఱచుట. మఱియు, వార్తలు మొదట కొందఱు తెలిసినవారిని చేరి, వారి నోట పదుగురికి ప్రాకునని వారు గుర్తించిరి. నెల్లూరు తీరమున పట్టపుపాళెములలో పెద్దల మాటకు గల బరువు నెఱిగినవారికి ఇది యాశ్చర్యము గొలుపదు. సభకు వేయిమంది వచ్చినను, మఱునాడు వలలు బాగుచేసికొనుచు దానినిగూర్చి మాటాడు నలువురే దాని యసలు శ్రోతలు.

ఇక ఉపన్యాసమునే పరీక్షించు విధము. గ్రంథతాత్పర్యమును నిర్ణయించుటకు మీమాంసకులు ఆఱు లింగములను చెప్పిరి: ఉపక్రమోపసంహారముల యేకత్వము, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి. వేదవాక్యముల కేర్పడిన కొలతను ఎన్నికల మాటకు వాడుట యపచారమని తలపనక్కఱలేదు; కొలత మంచిదైన ధాన్యమునకును ఊకకును నొకటే. దుగ్గరాజపట్నము రేవును ఉదాహరణముగా గొందము. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టము పదుమూడవ యనుబంధమున, అచట పెద్దరేవు నిర్మింపబడుననియు, మొదటి దశ 2018 ముగియునాటికి పూర్తియగుననియు వ్రాయబడెను. ఆ యేడు ముగిసినను రేవు రాలేదు. తీరమున నొక యభ్యర్థి 'రేవు తెత్తును' అని పలికెననుకొందము.

అతని ప్రసంగము తీరవాసుల కష్టముతో మొదలై తన నాయకుని కీర్తనతో ముగిసినచో, తాత్పర్యము రేవు కాదు, నాయకుడే. రేవను మాట రెండుమార్లు, ప్రత్యర్థి పేరు ఇరువదిమార్లు వినబడినచో, అభ్యాసము చేతను అదియే తేలును. అపూర్వత యనగా విననివానిని వినిపించుట: రేవు వచ్చునని చట్టమే చెప్పియున్నది, దానిని మరల చెప్పుట యనువాదము, ఎందుచే నాగినది, ఎట్లు కదలునో చెప్పుట యపూర్వము. ఫలము శ్రోతను బట్టి యుండవలెను. రేవు వలన సరకు దిగును, పరిశ్రమ వచ్చును. పడవ నాపుకొనుచోటు పోవునేమో యని భయపడు బెస్తవానికి అందేమి కలదో చెప్పనినాడు, ఫలము చెప్పినట్లు కాదు. స్తుతినిందలు విధికి తోడుగా నున్నంతవఱకు అర్థవాదమునకు చోటు గలదు. విధియే లేనిచోట నవి వట్టి బిరుదులు, తిట్లు. ఉపపత్తి యన్నిటికంటె కఠినము. సమీపమున శ్రీహరికోట రాకెట్టు ప్రయోగకేంద్రమున్నది. ప్రక్కనే పులికాటు సరస్సు, దాని పక్షిసంరక్షణాలయమున్నవి. ఈ రెంటిని పేర్కొనని ప్రసంగము వినసొంపైనను హేతుశూన్యము. పేర్కొని, దారి చూపలేక, 'ఇది కష్టము, అయినను యత్నింతు' ననినవాడు చప్పట్లు పోగొట్టుకొనును గాని, పరీక్షలో నధికుడగును.

ఈ లింగములు తాత్పర్యమును తేల్చును. అది శ్రోత హృదయమును చేరెనో లేదో తేల్చలేవు. దానికి శ్రోతనే యడుగవలెను. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 126వ విభాగము పోలింగు ముగియుటకు ముందు 48 గంటలు బహిరంగసభలను నిషేధించినది. మైకులు మూగవోయిన యా రెండు దినములే పరీక్షకునకు అనుకూలమైన కాలము. ఎవరికి ఓటు వేయుదువని యడుగరాదు; అది వాని రహస్యము. అభ్యర్థి యేమి చేయుదుననెను, ఎప్పటికి, ఎట్లు, ఏమి యడ్డమనెను, అని నాలుగు ప్రశ్నలు వేసి, వచ్చిన మాటలను వచ్చినట్లే వ్రాసికొని, ప్రసంగపాఠముతో సరిపోల్చవలెను. ప్రాస గుర్తుండి పని గుర్తులేనివారెందఱు, పని గుర్తుండి యడ్డంకి గుర్తులేనివారెందఱు, తాము నమ్మినదానినే వక్త చెప్పినట్లు భావించినవారెందఱు, అను లెక్క యప్పుడు తేలును.