పెరటి తోటలో మల్చింగ్: కాండం దగ్గర ఎంత ఖాళీ వదులుతున్నారు?

మాది అనంతపురం జిల్లా. ఎండాకాలం వచ్చిందంటే బోరు తగ్గిపోతుంది, ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలీదు. నా దగ్గర కూరగాయల నారు కొనేవాళ్ళు ముందు అడిగేదే "అన్నా, మే నెలలో ఇవి బతుకుతాయా?" అని. బతుకుతాయి, నేలకు ఎండ తగలకుండా చూసుకుంటే.

పాలేకర్ గారు ఆచ్ఛాదన అనేది దీన్నే. మా అమ్మ పెరట్లో దీనికోసం ఏమీ కొనలేదు. బుడ్డల పొట్టు, వరిగడ్డి, వేప, కానుగ ఎండుటాకులు, అంతే. వీడియోలో వేలు గుచ్చి చూపించాను చూడండి: కప్పిన మడిలో రెండు రోజులకు కూడా తడి ఉంది, పక్క మడి గట్టిపడిపోయింది.

కప్పేముందు మడిని బాగా తడపండి. పొడి నేల మీద కప్పితే తర్వాత పోసిన నీళ్ళు సగం గడ్డే తాగేస్తుంది. తడిపాక ఒక లీటరు జీవామృతం 10 లీటర్ల నీళ్ళలో కలిపి పోసి, 2-3 అంగుళాల మందం గడ్డి పరచాలి. డ్రిప్పు పైపు గడ్డి కిందే ఉండాలి.

ఇక అసలు సంగతి. మా వీధిలో ఒక పిన్ని వాళ్ళ వంగ మొక్కలు వరసగా వాలిపోయాయి. నీళ్ళు చాల్లేదనుకుని ఆమె రోజూ ఇంకా పోసింది. గడ్డి తీసి చూస్తే కాండం మొదట్లో నల్లగా కుళ్ళింది! గడ్డిని కాండానికి ఆనించి కుప్పగా పోశారు. చుట్టూ మూడు వేళ్ళ ఖాళీ చేసి, రెండ్రోజులు నీళ్ళు ఆపాం. ఆరు పోయాయి, నాలుగు తేరుకున్నాయి.

బెండ, చిక్కుడు లాంటివి విత్తనం వేస్తే మొలక జానెడు ఎదిగాకే కప్పండి. రంపపు పొట్టు మాత్రం మట్టిలో కలపొద్దు, అది కుళ్ళేటప్పుడు నేలలోని నత్రజనిని లాగేసుకుంటుంది, ఆకులు పసుపుపచ్చ అవుతాయి. వయ్యారిభామ వాడాలంటే పూత రాకముందే కోయాలి, లేకపోతే మనమే కలుపు విత్తినట్టు. చెదలు గురించి చాలామంది భయపడతారు. ఎండు గడ్డి ఉన్నచోట అవి వస్తాయి గానీ, ముందు తినేది గడ్డినే. అప్పుడప్పుడు తడి చేస్తుంటే పెద్దగా ఇబ్బంది లేదు.

వానలు మొదలయ్యాక గడ్డిని పలచన చేయండి. ఆ తడిలో నత్తలు చేరతాయి, పొద్దున్నే ఏరేసుకోవాలి.