పిల్లల ప్రశ్నలు – గ్రంథాలయ పరామర్శ

ఎనిమిదేండ్ల బాలుడొకడు గ్రంథాలయమునకు వచ్చి, "పాముల పుస్తకం ఉందాండీ?" అని అడిగినప్పుడు, బొమ్మల పుస్తకమొకటి చేతికిచ్చి పంపివేయుట సులభమే, కాని తొందరపెట్టక రెండు మాటలు కలిపినచో, పెరటిలో కనబడిన కుబుసము పామునకు మరల అతుకుకొనునా అన్నదే వాని అసలు సందేహమని బయటపడును. ఈ సంభాషణయే బాలల విభాగమున పరామర్శ సేవకు, అనగా పాఠకుడు కోరిన సమాచారమును వెదకి అందించు సేవకు, ప్రాణము.

అటుపిమ్మట జవాబు చెప్పివేయుటకంటె, విజ్ఞానసర్వస్వమును ముందుంచి, 'పాము' అని వెదకిన దొరకనిది 'సరీసృపములు' అను శీర్షిక క్రింద ఉండవచ్చునని చూపి, పుటను బాలునిచేతనే తీయించుట మేలు. అయితే బడిగంటకు ముందు ఒక్క తేదీకొరకు పరుగెత్తుకొని వచ్చిన పిల్లకు సూచిక చూచు విద్య నేర్ప బూనుట నాకు హింసగా తోచును. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు పరామర్శ సేవను క్షణములలో తీరునది, దీర్ఘముగా సాగునది అని రెండు తెరగుల విభజించిరి. 1931లో వారు ప్రకటించిన గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములలో నాలుగవది పాఠకుని కాలమును కాపాడుమనును. పిల్లయు పాఠకురాలే గదా!

పొట్టి బల్లలు వేసినంత మాత్రమున బాలల విభాగము కాజాలదని ఎరిగినవారిలో కెనడా దేశపు లిలియన్ స్మిత్ ముఖ్యురాలు. న్యూయార్కులో బాలల గ్రంథపాలకురాలు ఆన్ కారల్ మూర్ కడ పనిచేసి, 1912లో టొరాంటో గ్రంథాలయమున చేరిన ఈమె, 1922లో బాలబాలికలకే ప్రత్యేకమైన గ్రంథాలయ భవనమును నెలకొల్పుటయే కాక, వారి పుస్తకములకు వేరొక వర్గీకరణ పద్ధతిని సైతము కల్పించెను.

పిల్లలు తెచ్చు ప్రశ్నలలో పెక్కు వారివి కావు, ఉపాధ్యాయులవి. తరగతిలో విన్నది దారిలో రూపుమారి వచ్చును. నలుబదిమంది ఒకే విషయమునకై ఒకేనాడు వచ్చినచో బీరువా ఖాళీయగును గనుక, అట్టి పుస్తకములను ఇంటికీయక అచ్చటనే చదువుటకు నిలుపుదురు. ముందుచూపుగల గ్రంథపాలకులు బడివారిని విచారించి పాఠ్యాంశములను ముందే తెలిసికొందురు.

తల్లి వెంటవచ్చి తానే బదులు పలుకునప్పుడు, ఆమె మర్యాద చెడకుండ, "నీకేం కావాలమ్మా?" అని బిడ్డవైపు తిరిగి అడుగుట ఒక నేర్పు. అంతకంటె సున్నితమైనది, ఇంటిలో ఎవరికో వచ్చిన వ్యాధి పేరు కాగితపుముక్కపై వ్రాసికొని ఒంటరిగా వచ్చిన బాలిక విషయము. ఎందులకని గుచ్చిగుచ్చి అడుగక, నలుగురు వినునట్లు ఆ పేరు పైకి చదువక, ఆమెకు బోధపడు శరీరశాస్త్ర గ్రంథమునిచ్చి, చికిత్స సంగతి వైద్యుడే చెప్పవలెనని తెలుపుటవరకే గ్రంథపాలకుని అధికారము.