‘ఏందే, ఇట్లా నల్లబడ్డావ్?’

శ్రీరామనవమి దగ్గరపడిందంటే భద్రాచలం, పాల్వంచ, కొత్తగూడెంలో చాలా ఇళ్లు చుట్టాలతో నిండిపోతాయి. చెప్పులు విడుస్తూనే పిల్లల మీద పడతారు. ‘ఏందే, ఇట్లా నల్లబడ్డావ్?’ ‘హాస్టల్ తిండి బాగానే ఒంటబట్టిందే!’ ‘వీడేంటి, పుల్లలా ఉన్నాడు?’ అందరూ నవ్వుతారు. మీ అమ్మాయీ నవ్వుతుంది. ఆ తర్వాత గదిలోకి వెళ్లి, భోజనాలకు పిలిచేదాకా బయటికి రాదు. ‘మా పిల్లకు సిగ్గెక్కువ’ అని మీరు సర్దిచెబుతారు.

సిగ్గే కావచ్చు. కానీ నలుగురిలోకి వెళ్లాలంటే కలిగే తీవ్రమైన భయం, అంటే సోషల్ యాంగ్జైటీ, చాలామందిలో మొదలయ్యేది పన్నెండు, పదమూడేళ్లప్పుడే. ఒళ్లు మారే వయసూ అదే. అప్పుడు పడిన మాట ఊరికే పోదు. ఎవరైనా పలకరిస్తే ఆ పిల్ల వాళ్ల ముఖం చూడదు, వాళ్ల కళ్లతో తననే చూసుకుంటుంది. మొటిమ, చేతుల లావు, రంగు... ఇదే ధ్యాస. ఎదుటివాళ్లు అవేవీ పట్టించుకోలేదన్న సంగతి ఆమెకు కనిపించదు.

ఇక దాచుకోవడం మొదలవుతుంది. కొత్తగూడెం ఎండల గురించి మీకు చెప్పక్కర్లేదు. ఆ ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పదు. ఫొటో అంటే పక్కకు జరుగుతుంది, ఆటల పీరియడ్‌లో కడుపునొప్పంటుంది. తప్పించుకున్న ప్రతిసారీ కాస్త ఊరట. అందుకే భయం పోదు: వెళ్లి ఉంటే ఏమీ జరిగేది కాదని తెలుసుకునే అవకాశమే ఉండదు.

అమెరికాలోని మిన్నెసోటాలో 4,746 మంది విద్యార్థులను అడిగి చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. బరువు గురించి ఇంట్లోవాళ్లే ఎగతాళి చేశారని అమ్మాయిల్లో దాదాపు 29 శాతం మంది చెప్పారు. ఎగతాళికి గురైనవాళ్లలో తమ శరీరం మీద అసంతృప్తి, దిగులు ఎక్కువగా కనిపించాయి. అసలు బరువు ఎంతన్నదానితో నిమిత్తం లేకుండానే! అక్కడ అడిగింది బరువు గురించి. మన దగ్గర రంగు కూడా తోడవుతుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి పట్నం హాస్టళ్లకు వచ్చే కోయ పిల్లలకైతే యాస మీదా మాట పడొచ్చు. ఆ మాట అనేది మీవాడేనేమో, అదీ కనుక్కోండి.

చుట్టాల నోరు మూయించలేం, నిజమే. మాట మాత్రం అక్కడే, పిల్ల వింటుండగానే మళ్లించొచ్చు: ‘దాని రంగు సంగతి వదిలెయ్ వదినా, రేపు కల్యాణానికి ఎన్నింటికి బయల్దేరదాం?’ తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు ‘అత్త మాటకు బాధపడ్డావా?’ అని అడిగి, చెప్పింది వినండి. ‘నువ్వు బానే ఉన్నావులే’ అంటే ఆ పూటకే. బలవంతంగా స్టేజీ ఎక్కించొద్దు. ముందు పక్కవీధి దుకాణం, తర్వాత ఒక స్నేహితురాలి ఇల్లు, ఆ తర్వాత చిన్న ఫంక్షన్. తెల్లబడాలని మందుల షాపులో అడిగి తెచ్చే క్రీములతో జాగ్రత్త. వాటిలో స్టెరాయిడ్ ఉంటే చర్మం పలచబడుతుంది, మొటిమలూ పెరుగుతాయి.

రోజూ గంటకు పైగా అద్దం ముందే గడపడం, ఎవరికీ కనిపించని లోపం గురించే కుమిలిపోవడం బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్ లక్షణాలు కావచ్చు. అలాంటప్పుడు, లేదా తిండి మానేసినా, బడికి వెళ్లనన్నా మానసిక వైద్యులకు చూపించండి. ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగ్ (సీబీటీ), అవసరమైతే మందులు బాగా పనిచేస్తాయి. చావు మాట ఎత్తితే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు. టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలు చేయకపోతే మీరే చేయండి.